పదకొండు కట్టలు, విడిగా రెండు

సోమవారం పొద్దున గోడమీది పటంలో
ఏ అంటే ఏనుగు.
తొండమెత్తి నవ్వుతోంది,
వీపుమీద ఎర్ర జంపఖానా.
పోయినేడు మండలాఫీసు నుంచి
బస్సులో చంకన పెట్టుకొని తెచ్చిన పటం.

వెన్నిల పలకమీద బొమ్మ బాగానే వేసింది,
కింద మాత్రం ఆ అని రాసింది.
ఇంటు పెట్టాను.
ఏడవలేదు. నన్నే చూసింది,
తప్పు నాదైనట్టు.
వెనకనుంచి గజేంద్ర అరిచాడు:
"సార్, వాళ్లింట్లో అరవం. ఆనై అంటారు సార్.
మా అవ్వ కన్నడంలో ఆనె అంటాది."
ఇరవై మూడుమంది పిల్లలు, మూడు భాషలు,
ఒకటే వాచకం.
"ఆ కి ఆవు ఉంది కదమ్మా" అన్నాను.
"ఆవు గూడా ఉండనీ సార్" అంది.

మంగళవారం పదుల కట్టలు.
చీపురుపుల్లలు పది లెక్కపెట్టి
రబ్బరుబ్యాండు వేస్తే ఒక కట్ట,
మిగిలినవి విడి.
మనమెంతమంది? రెండు కట్టలు, విడిగా మూడు.
మధ్యాహ్నానికి చీపురు సగమైంది.
వంట చేసే చెంగమ్మ నన్ను తిట్టలేక
పప్పుగిన్నెను గట్టిగా దించింది.

ఆ రాత్రి అవి అడవి దిగాయి.
నేను పలమనేరులో నిద్రపోయాను.
ఊరు నిద్రపోలేదు.

బుధవారం బడిలో ఏడుగురు.
ప్రార్థన సన్నగా సాగింది.
వచ్చినవాళ్ల బట్టల్లో టపాసుల వాసన.
"ఐదు వచ్చిండాయి సార్, ఒకటి పిల్ల."
"పిల్ల గాదు రా, గున్న."
"మా నాయిన మంచె దిగనేలేదు."
గజేంద్రను ఎవరూ పేరుపెట్టి పిలవడం లేదు,
పిలిస్తే మళ్లీ వస్తాయంట.
హాజరుపట్టీలో ఆ పేరు దగ్గర
నా గొంతు కూడా కొంచెం తగ్గింది.

గురువారం ఏం చెప్పానో డైరీలో ఉంది,
నాకు గుర్తులేదు.

శుక్రవారం బోరింగు వెనక తడిమట్టిలో
అడుగు దొరికింది.
ముందు చూసింది గజేంద్రే.
స్కేలు పెట్టారు, చాలలేదు.
ముందుకాలి అడుగు చుట్టూ దారం తిప్పి
దాన్ని రెండింతలు చేస్తే ఏనుగు ఎత్తంట,
టీకొట్లో ఫారెస్టు వాచరు ఎప్పుడో చెప్పిన లెక్క.
పూలు కట్టే దారం చెంగమ్మ ఇచ్చింది.
గోడకు పట్టి, స్టూలెక్కి,
సుద్దతో గీత గీశాను,
వాకిలి దాటి, గడియారం దాకా.
కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
తర్వాత ఒక్కొక్కరే వచ్చి
దాని కింద నిలబడి తమ గీత గీయించుకున్నారు.
ఆ చిన్న గీతల్లో వెన్నిలది లేదు.

శనివారం బడి విడిచే వేళకు
వాళ్ల నాయినతో వచ్చింది.
అటవీశాఖకు అర్జీ రాయాలి.
సెల్వం చేతులనిండా నల్లగా అరటిబంక మరకలు.
సర్వే నెంబరు చెప్పాడు, పంట చెప్పాడు.
"ఎన్ని చెట్లు పోయాయి?"
"ఎట్ల చెప్పేది సార్, తోటంతా..."
చేయి గాలిలో తిప్పాడు.
ఆ చేతి కిందనుంచి వెన్నిల అంది:
"పదకొండు కట్టలు సార్. విడిగా రెండు."

రెండు రోజులు
పడిన చెట్టు నుంచి పడిన చెట్టుకు నడిచిందంట,
పదికొకసారి గట్టుమీద ఒక రాయి పెట్టిందంట.
వంద నేనింకా చెప్పనేలేదు.
వాచకంలో అది చాలా పేజీల అవతల ఉంది.

నూటపన్నెండు అని రాశాను,
అంకెల్లో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి.
ఆమె వంగి చూసి
"ఏనుగని ఎక్కడ రాసినారు సార్?" అంది.
చూపించాను.
ఏ మీద వేలు పెట్టి
కాసేపు ఉంచి, తీసింది.

పోతూ పోతూ గోడ దగ్గర ఆగింది.
తల వెనక్కి వంచి సుద్దగీతను చూసింది.
"ఇది చిన్నది సార్" అంది,
"మా తోటలోకి వచ్చింది ఇది గాదు."